వాపసు కాయితం

అట్టపెట్టె మీద రెండువేల ఇరవై ఎనిమిది, మార్చి.
లోపలి రేకు పొర మీద ఇరవై ఆరు, మార్చి.
రెండేండ్ల తేడా
గోరంత అచ్చుల.

కాయితం పొద్దున పదకొండింటికొచ్చింది:
దారంలో దోషమేమీ లేదట, తేదీలోనే ఉందట,
అయినా ఆ బ్యాచి మొత్తం వాపసు పంపాల్నట.
కింద గుండ్రటి ముద్ర.
అచ్చంపేట దవాఖాన స్టోరు గదిల
ఫ్యాను తిరుగుతనే ఉంటది, గాలి నా దాకా రాదు.
స్టూలెక్కి పై అరల నుంచి
కుట్టుదారం డబ్బాలు దించి, కొంగుతో దుమ్ము తుడిచి
లెక్కబెట్టిన.
వచ్చినవి నలభై ఎనిమిది.
ఉన్నవి నలభై రెండు.

మళ్లీ లెక్కబెట్టిన.
మనసు ఎటు గుంజినా
ఆరు ఆరే.

ఇది లోపల్నే కరిగిపోయే దారం.
మూడు నెలలల్ల మాంసంల మాంసమైతది.
ఇప్పటికి సగం కరిగి ఉంటది.
సగం కరిగినదాన్ని ఏ డబ్బాల పెట్టి పంపాలె?
రిజిష్టర్ల "వాడినవి" అని ఒక గడి ఉంది
ఎవరికి అని అడిగే గడి లేదు.

ఆపరేషన్ల పుస్తకం తెప్పించుకొని
పేర్ల మీద వేలు పెట్టుకుంట పోయిన.

ఉప్పునుంతల కాడి తండా, కేతావత్ సోని, కానుపు కోత.
"ఏ కుట్టు మేడం? అది ఎప్పుడో మానె,
మామిడికాయలకాడ ఉన్న, తర్వాత మాట్లాడుత."
వెనక పసిపిల్ల ఏడుపు.
గట్టి ఏడుపే. మంచిది.

షరీఫా బీ ఫోను కొడుకు ఎత్తిండు.
"అమ్మీకి కడుపునొప్పి ఉంటది మేడం."
నా కాళ్లల్ల బలం పోయింది.
ఎప్పట్నుంచి?
"పెండ్లి కాకముందు నుంచట."

మన్ననూరు దాటినంక అడవిల పెంట, అక్కడ సిగ్నల్ లేదు.
ఏఎన్ఎం కళావతి నడిచిపోయి వచ్చింది:
ఎలుగు గీరిన భుజం చిగుర్ల ఈదన్నది,
ఆ భుజంతోటే తాడు కట్టుకొని
కొండ చరియకు తేనె కోసం దిగిండట.
ఆ తాడు మీద ఏ తేదీ ఉందో
ఏ కంపెనీ అడగలేదు.

ఇంకిద్దరు బాగనే ఉన్నరు, ఒకామె నన్ను తిట్టింది కూడ.

మిగిలింది ఎర్రోళ్ల బక్కయ్య. ఎద్దు పొడిచిన తొడ.
ఇంటికి తాళం. భీవండిల మేస్త్రి కింద పనికి పోయిండట.
నంబరు కొడితే మరాఠీల ఏదో చెప్పి
పెట్టేస్తది.

నా తేదీ కూడ అచ్చుతప్పే.
బడిల చేరిననాడు సారు
నెత్తి మీద నుంచి చెయ్యి తిప్పమన్నడు,
అవతలి చెవి అందింది,
జూలై ఒకటి అని రాసిండు.
మా అమ్మ లెక్క వేరే:
డిండి అలుగు దుంకిన ఏడు
జొన్నకంకి పాలుబట్టే దినాలల్ల.
పాలుబట్టే జొన్న జూలైల ఏడుంటది?
అయినా వచ్చే జూన్ ముప్పైకి
శాలువ కప్పి పంపిస్తరు.
నా మీద కాయితమేదీ రాదు.
రావాల్నని కూడ లేదు గాని
చేతులు ఇంకా గట్టిగనే ఉన్నయి,
ఇగో, నలభై రెండు డబ్బాలకు సుతిలి కట్టి
ముడి పండ్లతో బిగించిన.

కాయితం అడుగున ఒక గీత ఖాళీగుంది.
తిరిగి రానివి: ఆరు.
కారణం?
"మనుషులల్ల ఉన్నయి" అని రాసి,
సూపరింటెండెంటు ఒప్పుకోడని కొట్టేసి,
కొట్టేసినదాని పక్కన మళ్లీ అదే రాసిన.

బక్కయ్య నంబరు అరచేతిల ఉంది.
అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి కడగలేదు.
రేపు పదింటికి
మళ్లీ కొట్టాలె.